ఎవరి పేరు మీద కోడె

డాబా మీద బట్టలారేసే తీగ కాస్త కిందికి కట్టించమని మా ఆయనకు చెప్పి నెలలు దాటింది. "ఇరవై ఏండ్ల సంది అందిన తీగ ఇప్పుడెందుకు అందుతలేదు నీకు?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ వయసులో నేను పొట్టిదాన్ని కాలేదు, తీగ పైకి పెరగలేదు. ఆయన లుంగీలు, తెల్ల చొక్కాలు, అత్తమ్మ చీరలు, నా జాకెట్లు అన్నీ కుడిచేత్తోనే తీగ మీదికి విసురుతాను. కొన్ని పడతాయి, కొన్ని జారి దుమ్ములో పడితే మళ్ళీ జాడిస్తాను. ఎడమ చెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోతుంది. ఆ పైకి లేపితే ఛాతీ లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు అవుతుంది. చేతికి ఏమైందని మాత్రం ఆయన అడగడు. ఏమైందో ఆయనకు తెలుసు.

ఆయన పేరు శశిధర్ రావు. జగిత్యాలలో రైసు మిల్లుంది, ఊరి బయట ప్లాట్లు చేసి అమ్ముతాడు, నలుగురిలో మాట చెల్లే మనిషి. నేను ఊర్మిళను. కోరుట్ల దగ్గర ఓ సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మనిషి ఒంట్లో ఏ అవయవం ఎందుకుందో పొద్దంతా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పి, సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చి, రాత్రి వంట చేసి, గిన్నెలు కడిగి పడుకుంటాను. నా ఒంట్లో ఏముందో మాత్రం పన్నెండేళ్ల పాటు ఎవరికీ చెప్పలేదు. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నా రొమ్ముల్లో సిలికాన్ సంచులున్నాయి. అవి కావాలని నేను అడగలేదు.

మా దీప్తి పాలు మానేటప్పటికి మూడేళ్లది. అది మానేశాక నేను చిక్కిపోయాను, రొమ్ములు జారాయి, అందరు తల్లులకూ అయ్యేదే నాకూ అయింది. మా ఆయనకు మాత్రం అది తన సొమ్మెవరో తిన్నట్టు అనిపించింది. "మొత్తం బిడ్డకే పెట్టినవు, నాకేం మిగిల్చినవు?" అని మొదట నవ్వుతూ అన్నాడు. తర్వాత చీరల దుకాణంలో, సేల్స్‌మన్ ముందే, "ఏది కట్టినా హ్యాంగర్‌కు తగిలిచ్చినట్టే ఉంటది" అన్నాడు. ఓ పెళ్లిలో తమ్ముడి వరసైనవాళ్లు నలుగురు కూర్చున్న చోట, "గుడికి పోతె ధ్వజస్తంభం, ఇంటికస్తె మా ఊర్మిళ" అన్నాడు. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వకపోతే అలిగానంటారు, అలిగితే పెద్దింటి కోడలికి ఆ మాత్రం ఓర్పు లేదా అంటారు. ఒక్కసారి అన్న మాట పరిహాసం. ఏళ్ల తరబడి అన్న మాటతో మనల్ని మనమే కొలుచుకోవడం మొదలుపెడతాం. స్నానం చేసి అద్దం ముందు నిలబడితే నాకు నా కళ్లు పనికిరాకుండా పోయాయి, ఆయన కళ్లతోనే చూసుకునేదాన్ని.

పెళ్లిరోజు గిఫ్టని హైదరాబాద్ తీసుకుపోయాడు. నెక్లెస్ అనుకున్నాను. డాక్టరు టేబుల్ మీద రెండు మూడు రకాల సంచులు పెట్టి, "ఏ సైజ్ అనుకుంటున్నరు సార్?" అని ఆయన్నే అడిగాడు. మా ఆయన మిల్లులో బియ్యం నాణ్యం చూసినట్టు ఒక్కొక్కటీ అరచేతిలో వేసుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. నేను పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా ఛాతీ గురించి ఇద్దరు మగవాళ్లు బేరమాడుతుంటే నాకు సిగ్గేసిందే తప్ప కోపం రాలేదు. ఇప్పుడు తలచుకుంటే వస్తోంది. ఆ సంచులు బతికినన్నాళ్లూ ఉండేవి కావనీ, కొన్నేళ్లకు తీయడమో మార్చడమో తప్పకపోవచ్చనీ, లోపల గట్టిపడవచ్చనీ, పగలవచ్చనీ, చర్మానికి స్పర్శ పోవచ్చనీ నాకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు చెప్పారేమో. ఆయన నాకు చెప్పలేదు.

మత్తు వదులుతుండగా మొదట వినబడింది ఆయన గొంతే, ఫోన్లో అత్తమ్మతో మాట్లాడుతున్నాడు. "గడ్డ అమ్మా. రొమ్ముల చిన్న గడ్డ. తీసేసిన్రు. ఏం భయం లేదు, నువ్వు ఏడ్వకు." నేను కళ్లు తెరిచి చూస్తే చెయ్యి ఫోన్‌కు అడ్డం పెట్టి, "మరి ఇంకేం చెప్పాలె?" అని కన్ను కొట్టాడు. అప్పుడు నోరు తెరిచి మాట్లాడే స్థితిలో లేను. మాట్లాడే స్థితి వచ్చేసరికి ఆ అబద్ధం మా చుట్టాలందరి ఇళ్లకూ పోయి వచ్చింది.

మా అత్తమ్మ పేరు వత్సలమ్మ. నోరు కరుకు, చెయ్యి మెత్తన. నేను ఇల్లు చేరేసరికే ఆమె పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి అర్రలో పెట్టింది. నా కోడలు బతికితే ఏడాదికోసారి నీ గుళ్లో కోడె కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. ఆ వారాల్లో నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది, తల దువ్వింది, రాత్రి నేను మూలిగితే లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా సోమవారాలు ఒక్క పొద్దుంటుంది. ఆ ఇంట్లో నాకు మనసు పెట్టి సేవ చేసిన మనిషి ఆమె ఒక్కతే, అదీ లేని రోగానికి చేసింది. ఏటా శివరాత్రి రద్దీ తగ్గాక ఓ సోమవారం అందరం కారులో వేములవాడ పోతాం. కోడెకు పసుపు కుంకుమ పెట్టి, పగ్గం నా చేతికిచ్చి, గుడి చుట్టూ తిప్పించి మండపంలో కట్టిస్తుంది. నా పేరు చెప్పి పంతులు దీవిస్తుంటే అత్తమ్మ కళ్ల నీళ్లు తుడుచుకుంటుంది. మా ఆయన ఫోన్ చూసుకుంటాడు.

గడ్డ అన్న మాట ఆ నోటా ఈ నోటా మారి క్యాన్సర్ అయింది. చుట్టాల్లో ఏ ఆడమనిషికి జబ్బు చేసినా, "మా ఊర్మిళను చూడరాదు, ఎట్ల నిలబడ్డదో" అని నన్ను చూపించడం మొదలైంది. రాయికల్‌లో ఉండే మా ఆడబిడ్డ వరసైన శైలజకు నిజంగానే క్యాన్సర్ వచ్చింది. తలకు స్కార్ఫ్ కట్టుకుని మా ఇంటికొచ్చి, భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "వదినా, కీమో అప్పుడు నోట్లె పుండ్లయితె నువ్వేం తిన్నవు?" అని అడిగింది. నేను మాట్లాడబోయాను. బల్ల కింద మా ఆయన కాలు నా కాలిని తొక్కింది. "పెరుగన్నం," అని తనే చెప్పాడు. శైలజ ఆ మాట పట్టుకుని చివరిదాకా పెరుగన్నమే తిన్నదట. ఆమె ఇప్పుడు లేదు. తేలు కుట్టిన దొంగ అంటారే, అట్లా ఉండేది నా బతుకు. కాకపోతే దొంగతనం ఒకరిది, తేలు కుట్టింది ఇంకొకరిని.

ఇక ఎవరి కోసం ఇదంతా జరిగిందో ఆయన సంతోషం గురించి కూడా చెప్పాలి. కోరుకున్నది దొరికింది ఆయనకు. చీరలు ఏరి కొనేవాడు, పెళ్లిళ్లలో పక్కన నిలబెట్టుకుని ఫొటోలు దిగేవాడు, ధ్వజస్తంభం మాట మరిచిపోయాడు. నాకు మాత్రం ముట్టుకుంటే తెలియడం మానేసింది. నా బిడ్డ పాలు తాగిన చోట ఇప్పుడు వేలు పెట్టినా, చల్లటి నీళ్లు పోసినా ఒకటే. ఆయన చేతులు అక్కడ ఉన్నప్పుడు నేను పైకప్పు ఫ్యాన్ వైపు చూస్తూ రేపటి టిఫిన్ గురించి ఆలోచించేదాన్ని. ఆయన ఎప్పుడూ కనుక్కోలేదు. కనుక్కోవాల్సిన అవసరమూ రాలేదు, ఆయన వైపు నుంచి అంతా బాగానే ఉంది.

రెండేళ్ల కింద ఎడమవైపు గట్టిపడటం మొదలైంది. మొదట పిండి ముద్దలా, తర్వాత పచ్చి జామకాయలా, ఇప్పుడు రాయిలా. ఆ రొమ్ము పైకి లాక్కుపోయి రెండూ రెండు ఎత్తుల్లో ఉన్నాయి. ఆ వైపు తిరిగి పడుకోలేను. బస్సులో గుంత వస్తే ప్రాణం జిల్లుమంటుంది. ఊరికే అలసట. ఆయనతో చెబితే, "దానికేంది, పాతవి తీసి కొత్తవి ఏయిద్దాం. ఇప్పుడింక మంచియి అచ్చినయట" అన్నాడు. మిల్లులో జల్లెడ పాడైతే కూడా అట్లాగే అంటాడు. వద్దు, ఉత్తగా తీయించుకుంటానన్నాను. టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా, "తీసేస్తె ఎట్ల కనవడ్తవో ఎరికేనా నీకు? ఖాళీ తిత్తి లెక్క" అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని మా అమ్మ ఎప్పుడూ అనేది. నేను లేచి పోయి అన్నం వార్చాను.

మా బడిలో లెక్కలు చెప్పే భాగ్య ఆ ఏడాది పెద్ద సెలవు పెట్టి వెళ్లింది. గౌడుల ఇంటి పిల్ల. తండ్రి తాటిచెట్లెక్కి చదివించాడని ఆమే గర్వంగా చెబుతుంది. నన్ను దొరసానీ అని ఏడిపించే ధైర్యం స్టాఫ్ రూమ్‌లో ఆమెకొక్కదానికే ఉంది. ఆమెది నాకు సరిగ్గా తిరగేసిన కష్టం. పెద్ద రొమ్ముల బరువుకు మెడ వంగిపోయి, భుజాల మీద బ్రా పట్టీలు కోసుకుపోయి, ఎండాకాలం చెమటకు కింద ఒరుసుకుని పుండ్లు పడేవి. బోర్డు మీద రాస్తుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. మా సారొకాయన, "మేడం కన్నా ముందు మేడం రాక తెలుస్తది" అని జోకు వేసేవాడు. ఆపరేషన్ చేయించుకుని తగ్గించుకుంటానంటే ఆమె భర్త కరుణాకర్, సిరిసిల్ల వైపు బస్సుకు కండక్టర్, ఎగిరి పడ్డాడట, అయినా చేయించుకుంది. సెలవయ్యాక ఆమె బడికొచ్చిన రోజు, సాయంత్రం బస్సులో పక్కన కూర్చుని ఆ మాటలు నాకు చెప్పింది.

"దేవుడిచ్చింది కోయిపిచ్చుకుంటవా? మంది పైసలు పెట్టి పెంచుకుంటున్నరు, అన్నడక్కా. మంది పెంచుకుంటె నాకేంది, నా మెడ ఇరుగుతుంటె?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. బస్సులో అందరూ చూస్తున్నారని కొంగు నోట్లో కుక్కుకున్నాను. భాగ్య బిత్తరపోయింది. మెట్‌పల్లి నుంచి వచ్చే ఆ బస్సులో, జనం మధ్య, కండక్టర్ టికెట్లు కొడుతుంటే, నేను మొట్టమొదటిసారి ఒక మనిషికి నా సంగతి చెప్పాను.

ఆమె మెల్లగా, "నేను మోయలేక దించుకుంటి. నీకు తెచ్చి ఎత్తిరి" అంది. మర్నాడు ఇంటర్వెల్‌లో ల్యాబ్ గది తలుపు గడియ పెట్టి జాకెట్ విప్పి చూపించింది. మొన చుట్టూ ఒక గీత, దాని నుంచి కిందికొకటి, అడుగున అడ్డంగా ఇంకొకటి. అడుగున గీతలు కలిసే చోట కుట్టు విచ్చుకుని చీము కారి మానడానికి వారాలు పట్టిందట. ఒక వైపు మొనకు స్పర్శ పోయింది. మళ్లీ బిడ్డ పుడితే పాలు పడతాయో లేదో చెప్పలేమన్నారట. ఇవన్నీ జరగవచ్చని డాక్టరు ముందే కూర్చోబెట్టి చెప్పాడనీ, ఇద్దరు పిల్లలైనాక ఇంక పాలతో పనేమిటని తానే ఆలోచించుకుని ఒప్పుకున్నాననీ చెప్పింది. మెడ ఇప్పుడు నిలబడుతోంది. బోర్డు మీద పై వరస నుంచి కింది వరస దాకా ఆగకుండా రాస్తోంది. మచ్చలు నాకంటే ఆమెకే ఎక్కువ. కానీ ఆమెను అడిగారు. నన్ను అడగలేదు. ల్యాబ్ గదిలో ఆ గాజు సీసాల మధ్య నిలబడి నాకు ఆమె మీద అసూయ పుట్టింది, ఎప్పుడూ ఎవరి ఒంటి మీదా పుట్టనంత అసూయ.

ఆ శనివారం ఒక్కదాన్నే కరీంనగర్ పోయి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె స్కాన్ చేసి నిదానంగా చెప్పింది. ఒంట్లోకి బయటి వస్తువు వస్తే శరీరం దాని చుట్టూ పొర కడుతుందనీ, కొందరిలో ఆ పొర బిగిసి సంచిని నొక్కుతుందనీ, నాది ఎడమవైపు బాగా బిగిసిందనీ, సంచి చిరిగినట్టు కూడా కనబడుతోందనీ చెప్పింది. అది క్యాన్సర్ కాదు. కానీ ఉంచుకోవడం మంచిది కాదు, బిగిసిన పొరతో సహా తీసేయాలి. తీసేశాక చర్మం ముడతలుగా వదులవుతుంది, మచ్చలుంటాయి, పోయిన స్పర్శ వస్తుందో రాదో మాట ఇవ్వలేను అంది. నేను పిల్లలకు పాఠం చెప్పినట్టే ఉంది, అంత తేటగా. చివర్లో, "మీకేం చేయాలని ఉంది?" అని అడిగింది. ఆ ప్రశ్న రెండోసారి అడిగించుకున్నాను. తీసేయండి అన్నాను. పరీక్షలు అయిపోయాక ఎండాకాలం సెలవుల్లో అని అనుకున్నాం.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. పైసలకు వెనకాడుతున్నానా, కొత్తవి పెట్టిస్తానంటున్నా కదా అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక్కసారిగా ఛాతీ చదునైపోతే నలుగురూ అడుగుతారు, అమ్మ అడుగుతుంది, ఏం చెప్పాలని బతిమాలాడు. సంతకం పెట్టనన్నాడు. నా ఒంటికి నా సంతకం చాలన్నాను.

"నన్ను అడగకుండనేనా?"

"మీకు చెప్తున్న. అడుగుతలేను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది. ఆయన నాతో మాటలు మానేశాడు. అది శిక్ష అనుకున్నాడు పాపం. ఇల్లు చాలా హాయిగా ఉండింది.

అట్లా ఉండగానే దీప్తి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు భయం వేసింది. "అమ్మా, నాకో గడ్డ తగులుతుంది. డాక్టర్ నీ పాత రిపోర్ట్స్ అడుగుతుంది. మా మమ్మీకి బ్రెస్ట్ క్యాన్సర్ అయిందని చెప్పిన. ఏ వయసుల వచ్చింది, ఏ రకం అని అడిగింది. తల్లికి ఉంటె బిడ్డకు వేరే పరీక్షలు కూడ చెయ్యాల్నట."

స్పీకర్లో ఉంది. మా ఆయన హాల్లోంచి విన్నాడు. చెయ్యి ఊపి నన్ను ఆపి, ఫోన్‌కు వినబడకుండా, "కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయినయని చెప్పు. పరీక్షలు చేపిచ్చుకుంటది, చేపిచ్చుకుంటె నష్టమేంది?" అన్నాడు. నేను ఆయన మొహం చూశాను. కన్న బిడ్డ చావు భయంతో ఫోన్ పట్టుకుని ఉంటే, ఈ మనిషికి ఇంకా తన పరువే కనబడుతోంది. ఇన్నేళ్లలో ఆయన మీద నాకున్న మొహమాటం ఆ నిమిషంలో తెగిపోయింది. "పొద్దున్నే వస్తున్న బిడ్డా" అని దీప్తికి చెప్పి ఫోన్ పెట్టేశాను.

హాస్టల్ గదిలో దాని మంచం మీద కూర్చుని, దాని చెయ్యి తీసుకుని నా ఎడమ రొమ్ము మీద పెట్టాను. నొక్కి చూడమన్నాను.

"రాయి లెక్క ఉన్నది," అంది భయంగా. "మళ్ల వచ్చిందా అమ్మా?"

"మళ్ల కాదు. ఎన్నడు రాలే. ఇది లోపల పెట్టిన సంచి."

అంతా చెప్పాను. అది ఫార్మసీ చదివే పిల్ల, సగం మాటకే అర్థం చేసుకుంది. డాడీకి తెలుసా అని అడిగింది. "మీ డాడీయే కొనిచ్చిండు," అన్నాను. అది లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. అది ఇటు తిరగకుండానే మాట్లాడింది.

"ఇంటర్ సంది నేను స్నానం చేసినప్పుడల్ల వెతుక్కునేదాన్ని. మీ ఎవ్వరికి చెప్పలే. మొన్న దొరికినప్పుడు నాకు భయం కూడ కాలే అమ్మా. వచ్చేసింది అనుకున్న, అంతే."

నా ఒంటికి చేసింది నేను భరించాను. ఆ అబద్ధం నా బిడ్డ ఒంటి మీద ఇన్నేళ్లు తిరిగిందని తెలిశాక భరించడం నా వల్ల కాలేదు. ఇద్దరం ఏడ్చాం, తర్వాత ఇద్దరం కలిసే డాక్టర్ దగ్గరికి పోయి నిజం చెప్పాం. దీప్తిది ఆ వయసు పిల్లల్లో మామూలుగా వచ్చే కండ గడ్డ, హాని లేనిదని సూది పరీక్షలో తేలింది. అయినా మా ఆయన అప్పటికే అత్తమ్మకు సగం చెప్పేశాడు, బిడ్డకు గడ్డ వచ్చిందని. మిగతా సగం ఎప్పటిలాగే మింగేశాడు.

శివరాత్రి అయిపోయింది. సోమవారం అందరం కారులో వేములవాడ పోయాం, దీప్తి కూడా వచ్చింది. కోనేటి స్నానం చేసి, తడి జుట్టుతో గుడి ముందు నిలబడ్డాం. అత్తమ్మ దీప్తి తల నిమిరి, కొడుకుతో అంది.

"దీనికి గూడ తల్లి తీరుగనే గడ్డ అచ్చె. రక్తంలనే ఉన్నట్టున్నది. రాజన్న తల్లిని కాపాడిండు, బిడ్డను కాపాడడా? ఈసారి రెండు కోడెలు కడ్దాం. రెండు టికెట్లు తీస్కరా."

నేను ఆయన వైపు చూశాను. ఇప్పుడన్నా చెబుతాడేమోనని చూశాను. దీప్తి కూడా చూసింది. ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు, జేబు తడుముకున్నాడు, "సరె అమ్మా" అన్నాడు. టికెట్ల కిటికీ వైపు నడిచాడు.

"అత్తమ్మా," అన్నాను, "నాకు గడ్డ కాలే."

ఆమెకు వినబడలేదనుకున్నాను. కోడెల మెడల్లో గంటలు మోగుతున్నాయి, మైకులో ఏదో చెబుతున్నారు. మళ్లీ చెప్పాను.

"మరి ఏం తీసిన్రు?" అంది.

"తియ్యలే. పెట్టిన్రు."

ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో నాలుగు మాటల్లో చెప్పాను. చుట్టూ కోడెలు, పిల్లలు, తలనీలాలు ఇచ్చి వచ్చిన బోడిగుండ్లు. అత్తమ్మ నా ఛాతీ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఎవరు పెట్టించమన్నారని అడిగింది. నేను నోటితో చెప్పలేదు, టికెట్ల కిటికీ వైపు చూశాను. ఆమె చూపు నా చూపు వెంటే పోయి, వరసలో నిలబడ్డ కొడుకు వీపు మీద ఆగింది.

"గిన్నేండ్ల సంది ఈ దేవుని ముంగట నాతోని అబద్ధం మొక్కిచ్చిండా?"

"మీ మొక్కు అబద్ధం కాదు అత్తమ్మా. మీరు నా ప్రాణం అడిగిన్రు."

"నొప్పన్న నిజమేనా?"

"నిజమే. చెయ్యి లేస్తలేదు. సెలవులల్ల తీపిచ్చుకుంటున్న. ఆయన వద్దంటున్నడు."

ఆమె కోడెకు పెట్టడానికి తెచ్చిన కుంకుమ పొట్లం విప్పి, మళ్లీ మడిచింది. ఆయన రెండు టికెట్లతో వచ్చి మా మొహాలు చూడగానే తెలుసుకున్నాడు. నా చెవి దగ్గరికి వంగి, "ఏం చెప్పినవు? గుడి ఇది. మంది ఉన్నరు" అన్నాడు.

"ఉండనియ్యి," అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన్ను ఏకవచనంలో అన్న మొదటి మాట అదే.

దీప్తి తన పేరు మీద తెచ్చిన టికెట్ తండ్రి చేతిలోంచి తీసుకుని, "నాకు రోగం లేదు నానమ్మా. నా పేరు మీద వద్దు" అని మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక్క కోడెనే తీసుకున్నాం. పగ్గం నేనే పట్టుకున్నాను, కుడిచేత్తో. గుడి చుట్టూ తిరుగుతుంటే అత్తమ్మ నా ఎడమ పక్కకు వచ్చి, జనం నన్ను తోయకుండా మోచెయ్యి అడ్డం పెట్టి నడిచింది. ఆయన వెనక దూరంగా వస్తున్నాడు. ఈసారి ఫోన్ చూడడం లేదు.

మండపంలో పంతులు తల ఎత్తకుండానే, "ఎవరి పేరు మీదమ్మా?" అన్నాడు. ఇన్నేళ్ల అలవాటు, అత్తమ్మ పెదాలు నా పేరు కోసం విచ్చుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి. వెనక నుంచి మా ఆయన తొందరగా, "ఊర్మిళ" అన్నాడు.

"కాదు పంతులుగారూ," అన్నాను. "శశిధర్ రావు."

"ఏం మొక్కు?"

"రోగం ఆయనకే ఉన్నది. నయం కావాలని."

పంతులుకు ఇట్లాంటివి రోజూ వందలు. సరేనని తలూపి, గోత్రం అడిగాడు. అత్తమ్మ నా చేతిలోంచి పగ్గం తీసుకుని, నాలుగడుగులు వెనక్కి నడిచి, కొడుకు చేతిలో పెట్టింది.

"గోత్రం చెప్పు," అంది.